కూకుమ్ పేరులోకి దూరినవాళ్ళు

కెనడా ఉత్తరాన ఉన్న మా చర్చిల్‌లో ఎవరూ తలుపుకి తాళం వెయ్యరు. వీధిలో తెల్ల ఎలుగుబంటి ఎదురైతే దగ్గర్లో ఏ గుమ్మం ఉంటే అందులో దూరిపోవాలి, అది ఎవరిల్లో కనుక్కునే తీరిక ఉండదు. మ్యూరియల్ బియర్డీ ఇంట్లోకి ఏడాదికి ఒకరిద్దరు అలా దూరేవారు. ఒక అక్టోబరులో, ఎలుగుల్ని చూడ్డానికి అంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఎలుగు నిజంగా కనబడేసరికి పరుగెత్తుకొచ్చి ఆవిడ స్నానాల గదిలో గడియ పెట్టుకున్నాడు. బయటికి వచ్చాక రెండు బానక్ రొట్టెలు తిని, మూడోది కోటు జేబులో వేసుకుని మరీ వెళ్ళాడు. ఆ సంగతి చెప్పుకుని ఊరు ఇప్పటికీ నవ్వుతుంది.

మ్యూరియల్ హోటల్లో వంట చేస్తుంది. సొంత మనవలు ఇద్దరే, వాళ్ళూ విన్నిపెగ్‌లో ఉంటారు. అయినా ఊరంతా ఆవిడని కూకుమ్ అనే పిలుస్తుంది. ఇక్కడి ఆదివాసుల క్రీ భాషలో అమ్మమ్మ అన్నమాట. ఒక చలికాలం మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఆరు వారాలు కుర్చీకి అతుక్కుపోయినప్పుడు కంప్యూటర్లో ఓడల ఆట ఒకటి పట్టుకుంది. ‘ఉప్పుగాలి’ అని దాని పేరు. ఊళ్ళోవాళ్ళు నెట్‌లో మేజోళ్ళ అల్లికలు చూస్తుంటే ఈవిడ ఫిరంగులు పేల్చడం నేర్చుకుంది. కాలు అతుక్కుంది, ఆట మాత్రం వదల్లేదు. రెండేళ్ళు తిరిగేసరికి ముప్ఫై ఓడల దండుకి నాయకురాలైంది. ఆ దండులో ఎక్కడెక్కడివాళ్ళో ఉన్నారు. పోలీసులున్నారు, పళ్ళ డాక్టరున్నాడు, టెక్సస్‌లో గుర్రాలకి వైద్యం చేసే హాలీ ఉంది. అందరూ ఆవిడని అక్కడా కూకుమ్ అనే పిలిచేవారు. తన దండులోని ఓడని ఒక్కసారి కూడా దెబ్బకొట్టని నాయకులకి తెల్లజెండా ఇస్తారు ఆ ఆటలో. ఆవిడ ఓడ మీద అది తొమ్మిదేళ్ళు ఎగిరింది.

ఆవిడకి ఇంకో అలవాటుంది. ఓడ మునిగినవాళ్ళు ఎక్కడానికి తాడునిచ్చెన వేలాడదీయొచ్చు ఆ ఆటలో. దొంగలు ఎక్కుతారని అందరూ దాన్ని పైకి లాగేసుకుంటారు. కూకుమ్ నిచ్చెన ఎప్పుడూ కిందే ఉండేది.

తలుపెలాగో పాస్‌వర్డూ అలాగే. ఫ్రిజ్ మీద, బానక్ పిండి కొలతలు రాసిన చీటీ కిందే రాసి అంటించింది. పనికి పోతూ ఒకరు, రైలు ఆలస్యమైతే ఒకరు, వచ్చి కూర్చుని కూకుమ్ పేరుతో కాసేపు ఓడ నడిపి పోయేవారు. అందరికన్నా ఎక్కువ ఆడింది రైలు పట్టాలు బాగుచేసే క్లిఫర్డ్ లవలే. ఆటలో మాట్లాడుకునేదంతా రాతలోనే గనక, రాసేది ఎవరో అవతలివాళ్ళకి తెలిసే దారి లేదు. మా ఊరి నెట్‌కి గొంతు మోసే ఓపిక ఎక్కడిది?

పోయిన వేసవిలో కంటికి పొర తీయించుకోడానికి మ్యూరియల్ విన్నిపెగ్ వెళ్ళింది. రోజూ చూసుకోకపోతే ఓడకి చెద పడుతుంది, కాస్త కనిపెట్టుకోమని క్లిఫర్డ్‌కి చెప్పింది. వారం తిరగకుండానే అతన్ని పట్టాల పని మీద గిల్లమ్ వైపు పంపారు. అతను అక్కడ తోటి పనివాడికి పాస్‌వర్డ్ చెప్పాడు. ఆ తోటివాడు ఇంకెవడికో చెప్పాడు. ఆ ఇంకెవడో ఆటలో మోసం చేసే ప్రోగ్రామేదో తగిలించి, నిచ్చెన పైకి లాగి, ఒక్క మధ్యాహ్నంలో సొంత దండు ఓడలు పదకొండు ముంచేశాడు. హాలీ ఓడతో సహా. కంపెనీవాళ్ళు కూకుమ్ అకౌంట్ మూసేశారు.

మ్యూరియల్ నల్లద్దాలు పెట్టుకుని రైలు దిగి, ఇంటికొచ్చి, టీ కాచుకుని ఆట తెరిస్తే, అకౌంట్ మూసేశామని నాలుగే నాలుగు వాక్యాలు కనబడ్డాయి. కొత్త కన్నుతో ఆవిడ చదివిన మొదటి రాత అది.

క్లిఫర్డ్ ఒక కారిబూ దుప్పి తొడ మాంసం గుడ్డలో చుట్టుకుని వచ్చి, టోపీ తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు. జరిగిందంతా తడబడుతూ చెప్పాడు. చివరికి ఉపాయం కూడా తనే చెప్పాడు.

“ఎవడో దొంగిలించాడని రాసెయ్ కూకుమ్. దొంగతనమంటే తిరిగిచ్చేస్తారంట.”

“దొంగిలించడానికి తాళం ఎక్కడేశాన్రా? ఫ్రిజ్ మీద అంటించింది నేనే కదా.”

“అట్లా రాస్తే ఇక ఇవ్వరు.”

“ఇవ్వకపోతే మానె.”

మాంసం మాత్రం పుచ్చుకుంది. కంపెనీకి ఉన్నదున్నట్టు రాసి పంపింది. మూడు రోజులకి జవాబొచ్చింది. అకౌంట్‌ని ఎవరు వాడినా బాధ్యత దాని యజమానిదేనట, ఇంకొకరికి ఇవ్వకూడదని మొదటి రోజే ఒప్పుకున్నారట, ఇక తెరవడం కుదరదట. ఆ ఒప్పుకున్న కాగితాన్ని ఆవిడా చదవలేదు, ఊళ్ళో ఎవరూ చదవలేదు. తెల్లజెండా పోయింది, పదకొండేళ్ళ ఓడ పోయింది. దానికి ఆవిడ ఏడవలేదు. కూకుమ్ తమని ముంచేసిందని ఆ ముప్ఫైమందీ అనుకుంటున్నారే, అది మాత్రం తట్టుకోలేకపోయింది. హోటల్లో రెండు రోజులు సూపులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

మూడో రోజు కొత్త అకౌంట్ తెరిచింది. కొత్తవాళ్ళకిచ్చే ఇద్దరు పట్టే పడవొకటి దొరికింది. దాని మీద తెడ్డేసుకుంటూ దండు ఉండే రేవుకి వెళ్ళి, నేను కూకుమ్‌ని, తప్పు నాది, చెప్పుకోడానికొచ్చాను అని రాసింది. క్లిఫర్డ్ పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

నలుగురు నవ్వారు, ఒకడు ఫిరంగి గురిపెట్టాడు. హాలీ మాత్రం ఒక ప్రశ్న వేసింది.

“నువ్వు కూకుమ్‌వైతే ఫిబ్రవరిలో మా నాన్న పోయిన రోజు నాతో ఏమన్నావో చెప్పు.”

మ్యూరియల్ ఆ ప్రశ్న రెండోసారి చదివింది. ఆవిడకి తెలీదు. పక్కకి చూసింది. క్లిఫర్డ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. అతను నోరు విప్పి చెప్తే ఆవిడ రాసెయ్యొచ్చు, అక్కడితో గొడవ తీరిపోతుంది. అతను చెప్పబోయాడు కూడా. ఆవిడ చెయ్యెత్తి ఆపి, తనే రాసింది.

“నాకు తెలీదమ్మా. ఆ రోజు ఈ కుర్చీలో ఉన్నది నేను కాదు. మా క్లిఫర్డ్. రైలు పట్టాలు చూసుకుంటాడు. పేరు నాది, మంచిమాట వాడిది.”

దుఃఖంలో ఉన్న పిల్లకి ఒక మనిషి తోడున్నాడనుకుంటే, ఆ మనిషి వేరే ఎవరో అని తెలియడం చిన్న దెబ్బ కాదు. మ్యూరియల్‌కి అదీ తెలుసు. లేచి కుర్చీని క్లిఫర్డ్ వైపు తోసింది.

“చెప్పుకో. నీ పేరుతో చెప్పుకో.”

పట్టాలు బిగించే ఆ మొద్దు వేళ్ళతో అతను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. తన నాన్న పోయినప్పుడు ఆయన బూట్లు ఏడాదిపాటు గుమ్మంలోంచి తియ్యలేకపోయానని, నువ్వూ తొందరపడి తియ్యకని అన్నాడట ఆ రోజు. పాస్‌వర్డ్ చేతులు మార్చింది కూడా తనేనని కింద రాశాడు.

“బూట్లు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి,” అని రాసింది హాలీ. కాసేపటికి ఇంకో వరుస. “కూకుమ్, నీ పడవకి నిచ్చెన వేలాడుతోంది. ఇద్దరు పట్టే పడవకి నిచ్చెనెందుకే?”

“ఎవరైనా ఎక్కాల్సొస్తే?”

దాంతో రేవు రేవంతా నవ్వింది. ఇక ఇంకో సాక్ష్యం ఎవరూ అడగలేదు. నాయకత్వం తిరిగి తీసుకోమంటే ఆవిడ ఒప్పుకోలేదు, ముందు ఓడంటూ ఒకటి కట్టుకోనివ్వండంది. అరవై రెండేళ్ళ మనిషి, పెద్ద ఓడల వెనకాల తెడ్డేసుకుంటూ పోతుంటే, ఆ దండు ఆవిడ అందుకునేదాకా తెరచాపలు సగం దించి నడుస్తోంది. ఈ మాట చెప్పేటప్పుడు మా ఊళ్ళో ఎవరికైనా సరే ఛాతీ కాస్త ముందుకొస్తుంది.

ఫ్రిజ్ మీద ఇప్పుడు పిండి కొలతలే ఉన్నాయి. మొన్న క్లిఫర్డ్ తన కొత్త అకౌంట్‌కి పెద్ద ఓడ తెచ్చుకుంటానని, ఒక్కసారి ఆవిడ పేరుతో ఆడనివ్వమని వేళాకోళానికి అడిగాడు.

ఆవిడ పిండి పిసుకుతూ తల కూడా ఎత్తలేదు. “ఎలుగు తరిమితే నా ఇంట్లో దూరరా. నా పేరులో దూరకు.”

తలుపు మాత్రం ఎప్పటిలాగే తీసే ఉంది.