ప్రష్యా పద్ధతిలో పెళ్లి భోజనం

పెళ్లి భోజనాన్ని ప్రష్యా సైన్యం పద్ధతిలో నడిపిన ఘనత తిరువూరులో ఇప్పటికి నా ఒక్కడిదే. ఇకముందు కూడా నా ఒక్కడిదే. ఆ మేరకు మా వాళ్లు తగిన జాగ్రత్తలు తీసుకున్నారు. ఆ మధ్యాహ్నం ప్రాణనష్టమేమీ జరగలేదు కాబట్టి మీరు ధైర్యంగా చదవొచ్చు. పరువునష్టం మాత్రం భారీగానే జరిగింది, అదీ పూర్తిగా నా వైపే.

అప్పటికి నేను ఎమ్మే హిస్టరీ పూర్తి చేసి పోటీ పరీక్షలకి చదువుకుంటున్నాను. అంటే ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మా అక్క సునీతకి గంపలగూడెం సంబంధం కుదిరింది. అబ్బాయి మంచివాడు, అత్తమామలు ఇంకా మంచివాళ్లు. ఇబ్బందల్లా అబ్బాయి పెదనాన్న రత్నం మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి. ఆయన కోప్పడడు. గుర్తు పెట్టుకుంటాడు. ఆ ఇంటి పెద్దకోడలి పెళ్లిలో ఆయన విస్తరి దాకా పెరుగు రాలేదట. అప్పట్నించీ ఆవిడ పెరుగు వడ్డించిన ప్రతిసారీ, "మీ పుట్టింటివాళ్లకి కూడా ఇంత తోడుకుంటే బాగుండేదమ్మా" అంటాడట, ఎంతో మర్యాదగా.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది: "మిగతావి ఎట్టా పోయినా పర్లేదురా. ఆయన మాత్రం కడుపు నిండా తిని లేవాలి. లేకపోతే జన్మంతా నేను వినాలి."

"నాకొదిలెయ్" అన్నాను. మా ఇంట్లో ఇంతవరకు జరిగిన నష్టాలన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి.

ఏం చేస్తాం, సరిగ్గా ఆ వారమే నేను ప్రష్యా గురించి చదువుతున్నాను. ఒకప్పటి జర్మన్ రాజ్యం అది. అక్కడ సైనికాధికారులకి యుద్ధం నేర్పడానికి ఒక ఆట ఉండేది. బల్ల మీద కొండలూ వాగులూ రోడ్లూ అమర్చి, బుల్లి బుల్లి బిళ్లల్ని సైన్యాలుగా నిలబెట్టి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చేవాళ్లు. మధ్యలో అనుభవమున్న అధికారి ఒకడు అంపైరుగా ఉండేవాడు. చుక్క రక్తం కారకుండా యుద్ధమంతా ముందుగానే చూసేయొచ్చు. రాజ్యాలు గెలిచే పద్ధతి ముందు ఫంక్షన్ హాలు ఒక లెక్కా అనిపించింది.

డైనింగ్ టేబుల్ మీద సుద్దముక్కతో హాలు గీశాను. చొక్కా గుండీలు కుర్చీలు. చింతగింజలు మావాళ్లు, శనగలు మగపెళ్లివాళ్లు, అగ్గిపుల్లలు వడ్డించేవాళ్లు. హోదాని బట్టి రత్నం మాస్టారికి ఒక జీడిపప్పు కేటాయించాను. అంపైరు మా దేవదానం బాబాయి. మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు.

ఆట మొదలైంది. లూడో పాచికలో ఒకటి పడితే కూర ఆలస్యం, రెండు పడితే పెరుగు రాదు. మొదటి బంతిలో జీడిపప్పుకి రెండుసార్లు పెరుగు రాలేదు. మూడోసారి ఆడబోతే అసలు జీడిపప్పే లేదు. బాబాయి దవడ ఆడుతోంది.

"మాస్టార్ని తినేశావా బాబాయ్?"

"యుద్ధమన్నాక పోతుంటార్రా. ఇంకోటి పెట్టు" అన్నాడు అంపైరు.

ఈ ప్రయోగాల వల్ల నాకొక సత్యం బోధపడింది. మొదటి బంతి ప్రమాదకరం. వడ్డించేవాళ్లకి అప్పటికింకా చెయ్యి తిరగదు. విలువైన దళాన్ని మొదటి దాడిలో దింపకూడదు, వెనక రిజర్వులో ఉంచాలి. అంచేత మాస్టార్ని రెండో బంతిలో దింపాలని నిర్ణయించాను. ఆ లెక్కన మూడుసార్లు ఆడితే మూడుసార్లూ జీడిపప్పుకి పెరుగు అందింది. ఆయన్ని మొదట్లోనే కూర్చోబెట్టేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకురా అని అమ్మ అడిగింది. సైన్యాలు నడపడంలో అమ్మకి అనుభవం తక్కువని సర్దుకున్నాను.

పెళ్లి రోజు చర్చిలో కార్యక్రమం చక్కగా ముగిసింది. అందరూ హాలుకొచ్చారు. నేను మాస్టార్ని పక్కగదిలో కూలరు ముందు కూర్చోబెట్టి, చేతిలో కూల్‌డ్రింకు పెట్టాను. ఆయన మొదటి బంతిలోనే తినేస్తానన్నారు. షుగరు మనిషినన్నారు. రెండో బంతిలో ఆయన కోసం ప్రత్యేక ఏర్పాటు ఉందని చెప్పి కదలనివ్వలేదు.

పాస్టరుగారు భోజనాలకి ప్రార్థన చేశారు. అందరం కళ్లు మూసుకున్నాం. ఆమెన్ అని తెరిచేసరికి ప్రతి కుర్చీలో ఒక మనిషి, ప్రతి కుర్చీ వెనకాల ఒక మనిషి.

కుర్చీ వెనకాల మనిషి! మీకు తెలుసు, నాకూ తెలుసు, పుట్టినప్పట్నించీ చూస్తున్నదే. తినేవాడి విస్తట్లో స్వీటు ఎంత మిగిలిందో లెక్కేస్తూ, కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడే ఆ నిశ్శబ్ద సైన్యం లేకుండా మనవైపు ఒక్క పెళ్లైనా జరిగిందా? కానీ చింతగింజలు ఎప్పుడూ గుండీల వెనకాల నిలబడలేదు. ప్రష్యావాళ్ల పుస్తకంలోనూ ఆ సంగతి లేదు.

మొదటి బంతి అద్భుతంగా నడిచింది. అందరికీ పెరుగు అందింది. కొందరు రెండోసారి కూడా వేయించుకున్నారు. వాళ్లు లేస్తుండగా నేను మాస్టార్ని సగౌరవంగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. లేచేవాడు పూర్తిగా లేవకముందే కూర్చునేవాడు సగం కూర్చుని ఉన్నాడు. కుర్చీల వెనకాల మూడో బంతి కూడా నిలబడిపోయింది.

ఆయన్ని అక్కడే ఉండమని చెప్పి, ఇంకో బల్ల వేయించడానికి కేటరింగు అతని దగ్గరికి పరిగెత్తాను. బల్లలు అయిపోయాయన్నాడు. తిరిగొస్తే మాస్టారు లేరు. పక్కగదిలో లేరు, గేటు దగ్గర లేరు, కార్ల దగ్గర లేరు. అలిగి వెళ్లిపోయారని నాకు ఖాయమైపోయింది. స్టేజి మీంచి అక్క కళ్లతోనే అడిగింది, తిన్నారా అని. నేను బొటనవేలు పైకెత్తి చూపించాను.

"మిలిటరీలో మనిషి కనపడకపోతే ఏం చేస్తారు బాబాయ్?"

"కొన్నాళ్లు వెతికి, ఇంటికి ఉత్తరం రాస్తారు."

ఓడిపోయిన సేనాధిపతికి కూడా ఆకలి వేస్తుంది. ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో రాయరు. మూడో బంతికి మనుషులు లేస్తుంటే నా ఎదురుగా ఒక కుర్చీ ఖాళీ అయింది. ఆలోచించకుండా కూలబడ్డాను. పప్పు కలిపి రెండు ముద్దలు తిన్నానో లేదో, నా కుర్చీ వీపు మీద ఎవరిదో చెయ్యి పడింది. అప్పటికే ఒళ్లు మండిపోతోంది. వెనక్కి తిరక్కుండానే అన్నాను:

"కాస్త వెనక్కి జరగండి. ఇంకా సాంబారు కూడా రాలేదు. మనిషిని ప్రశాంతంగా తిననివ్వరా?"

"నింపాదిగా తినండి బాబూ" అంది వెనకాల ఒక మర్యాదైన గొంతు. "నేను ఇందాకట్నించీ అక్కడా ఇక్కడా నిలబడుతూనే ఉన్నాను. ఒక కుర్చీ దొరికేదే, ఒకావిడ నాకంటే ముందు హ్యాండుబ్యాగు పెట్టేశారు."

నేను లేచిన వేగానికి కుర్చీ పడిపోయింది. ఎత్తి, తుడిచి, రత్నం మాస్టార్ని కూర్చోబెట్టాను. ఆయన కడుపు నిండా తిన్నారు. అక్క కోరింది జరిగింది. ఈ విషయంలో అక్కని ఆయన ఇంతవరకు ఒక్క మాట అనలేదు.

అనాల్సిన అవసరమే లేదు, నేనున్నాను కదా. గంపలగూడెం ఎప్పుడు వెళ్లినా నేను భోజనానికి కూర్చోగానే ఆయన వచ్చి, నా కుర్చీ వీపు మీద చెయ్యేసి, నేను లేచేదాకా నిలబడతారు. మొన్న భరించలేక, ఎడమచేతిని గుండెల మీద పెట్టుకుని, ఇంటిల్లిపాది ముందూ ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ విందులోనూ ఏ మనిషినీ రిజర్వులో ఉంచను, యుద్ధకళ జోలికి పోను, వడ్డించేవాళ్లని వాళ్ల మానాన వడ్డించుకోనిస్తాను.

"చాలా సంతోషం బాబూ" అన్నారు వెనకాల నుంచి. "కాస్త త్వరగా కానివ్వండి మరి."