దీపాల వేళ కాఫీ

ఇలా వచ్చి కూర్చో అమ్మడూ, ఆ టీవీ కట్టేసి సరిగ్గా విను, రాసుకుంటానన్నావుగా. పక్క వీధిలోంచి మీ చిన్నతాతయ్య రోజూ చీకటి పడకముందే గేటు దగ్గరికొచ్చి "వచ్చేనండి వదినగారూ" అని మరీ వెళ్తారెందుకని నవ్వుతావు కదా. ఇవాళ ఇంకా రాలేదు, నాకు మనసు కుదురుగా లేదు, అందుకే చెబుతున్నాను.

డెబ్భైల్లో సంగతి, నేను కాపరానికొచ్చిన కొత్త. మా మరిదికి, అదే మీ చిన్నతాతయ్యకి, ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు, తల్లి లేని పిల్లాడు. కాలవ లాకుల దగ్గర సారా కొట్లో జతగాళ్ళతో కూర్చుని, మాటా మాటా పెరిగి ఒకడి తల పగలగొట్టేడు. మొదటి తప్పు, చిన్న వయసని అమలాపురం కోర్టులో జడ్జిగారు జైలుకి పంపలేదు. రెండేళ్ళ పాటు నడవడిక బాగుంటే సరే, లేకపోతే మళ్ళీ నా ముందుకే తెమ్మన్నారు. మీ తాతయ్య జామీను సంతకమైతే పెట్టేరు గానీ తమ్ముడితో మాట మానేసేరు.

కనిపెట్టి ఉండడానికి ప్రొబేషన్ ఆఫీసరుగారని ఒకాయన సైకిలు మీద వచ్చేవారు. పోలీసనుకుని నేను తలుపు చాటుకి పోయేను. ఆయన అరుగు మీద కూర్చుని, కుర్రాణ్ణి తిట్టకండి, పాత సంగతి ఎత్తకండి, అంబాజీపేట కొబ్బరి కొట్లో పని చూసుకుని దీపాలు పెట్టే వేళకి ఇంటికొస్తే వదినగారు వేడి కాఫీ ఇవ్వండి, అన్నగారు ఒక మంచి మాట అనండి, ఆలస్యమైతే ఆ రోజుకి కాఫీ లేదు, అంతే, అరుపులొద్దన్నారు. తల పగలగొట్టినవాడికి కాఫీలా అని మీ తాతయ్య గొణిగేరు. "కోపం చాన్నాళ్ళు వాడేరు కదండీ, పని చెయ్యలేదు" అన్నారాయన నెమ్మదిగా.

అప్పట్నుంచి నా సాయంత్రాలన్నీ భయమే, పాలు పొయ్యి మీద, కళ్ళు వీధి మీద. మరిది వేళకి వచ్చేవాడు, కాఫీ తాగేవాడు, గ్లాసు కడిగి బోర్లించేవాడు. మీ తాతయ్య కూడా ముందు ఊఁ అనీ, తర్వాత్తర్వాత "వచ్చేవా" అనీ అనడం మొదలెట్టేరు.

ఒక ముసురు రోజు దీపం పెట్టేసేను, మరిది రాలేదు. ఖర్మ కొద్దీ ఆఫీసరుగారు ఆ రోజే వచ్చి కూర్చున్నారు. ఆయన ఒక్క ముక్క రాస్తే కోర్టు, అక్కణ్ణుంచి జైలు. ఆయనకో గ్లాసు ఇచ్చేను, రెండో గ్లాసు చల్లారిపోతోంది. బాగా చీకటి పడ్డాక మోకాళ్ళ దాకా బురదతో వచ్చేడు. బస్సు దిగితే లాకుల దగ్గర పాత జతగాళ్ళు చూసి రమ్మని పిలిచేరంట, అటు రాకుండా వెనక్కి తిరిగి, వానలో చేల గట్లంట చుట్టూ తిరిగొచ్చేడంట.

గ్లాసు చేత్తో పట్టుకుని, ఇవ్వాలో వద్దో తెలీక నిలబడిపోయేను. "ఇవ్వకండి వదినగారూ, ఆలస్యానికి లేదన్నాం కదా" అని ఆఫీసరుగారు తన గ్లాసులోది సగం వంచి మరిదికిచ్చేరు, "ఇది చుట్టు తిరిగొచ్చినందుకు" అంటూ. మీ తాతయ్య తువ్వాలు తెచ్చి తమ్ముడి తల తుడిచేరు.

ఆ గడువు ఎప్పుడో అయిపోయింది, ఆఫీసరుగారూ లేరు, మీ తాతయ్యా లేరు. మరిది మాత్రం కనిపించకుండా ఒక్కపూట ఉండలేడు. ఇప్పుడు ఎవరెక్కడున్నారో మీకు ఫోన్లోనే తెలిసిపోతుందంటారు, మంచిదే, కానీ వీధి వంక చూస్తూ పాలు పొయ్యి మీద పెట్టుకునేవాళ్ళేరీ.

ఏమ్మా కోడలా, అన్నానికా? ఆయ్, వస్తున్నాను, ఆ గిన్నెలో కాఫీ మాత్రం పారబొయ్యకు, మీ చిన్నమావయ్యగారింకా రాలేదు, గేటు చప్పుడైనట్టుంది, ఒక్కసారి చూసొచ్చి అప్పుడు...