మిసెస్ క్లెగ్ పోసిన ఆరో కప్పు

మిసెస్ క్లెగ్ కడుపులో మాట దాగదు. ఆ సముద్రపుటొడ్డు వీధిలో ఇది అందరూ ఒప్పుకున్న సంగతి. పాలవాడి మొలల బాధ, పాస్టరుగారి విగ్గు, పదో నంబరింట్లో మొగుడూ పెళ్ళాలు మాటలు మానేసిన తారీఖు, అన్నీ ఆవిడ పొద్దున్నే గుమ్మం కడుగుతూ ప్రకటించేది. ఎదురింటి అమ్మాయికి నెల తప్పిందని ఆ మొగుడికన్నా ముందు వీధికి తెలిసింది.

సరిగ్గా ఆవిడ అద్దెగదుల ఇంట్లోనే పోలీసులు నోరాను దాచారు! లండన్‌లో నగల వర్తకుణ్ణి చంపినవాణ్ణి కళ్ళారా చూసింది నోరా ఒక్కతే. వాడు ఆమె కోసం ఊరూరా గాలిస్తున్నాడు. "ఎవరికీ చెప్పకమ్మా, ప్రాణం మీదికొస్తుంది" అని పోలీసులు నోరాకు మరీమరీ చెప్పారు. తీరా మొదటిరోజే మిసెస్ క్లెగ్ రెండు కప్పుల టీ పోసి మొత్తం లాగేసింది, హంతకుడికి ఎడమచేతి చిటికెనవేలు లేదన్న దాంతో సహా.

"నేనెవరికి చెప్తాను తల్లీ!" అంటూనే గోడ మీంచి పక్కింటావిడను కేకేసింది.

వారం తిరక్కుండా నోరా గురకపెడుతుందని వీధంతటికీ తెలిసింది. ఆమె మేజోళ్ళ చిల్లుల లెక్క పోస్ట్‌మాన్‌కు కూడా తెలుసు. మిగతాది మాత్రం బయటికి పోకుండా ఉంటుందా? నోరాకు పగలంతా అదే భయం.

ఐదోవారం, మధ్యాహ్నం రెండింటికి బూడిదరంగు కోటాయన వచ్చాడు. మెట్ల మీది నుంచి నోరా ఆయన ఎడమచెయ్యి చూసి కొయ్యబారిపోయింది. బయటికి పోవాలంటే ఆయనున్న ముందుగది దాటే పోవాలి.

"లండన్ నుంచి ఎర్రజుట్టు అమ్మాయెవరైనా దిగిందాండీ?"

అయిపోయింది అనుకుని నోరా కళ్ళు మూసుకుంది.

"లండనా? ఆ పేరెత్తకండి నాయనా! మా చెల్లెలి కోడలు లండన్‌దే. పెళ్ళికి ఏం టోపీ పెట్టుకొచ్చిందో తెలుసా? కూర్చోండి, టీ పోస్తాను."

కూర్చున్నాడు. మూడో కప్పుకి ఆ పెళ్ళి పూర్తయింది. నాలుగో కప్పుకి మిస్టర్ క్లెగ్ పిత్తాశయం ఆపరేషన్ మొదలైంది.

"ఇక వెళ్తానండీ."

"అయ్యో, ఇప్పుడేగా పోశాను!"

మళ్ళీ కూర్చున్నాడు. మనిషిని చంపడం వేరు, ఆడమనిషి పోసిన టీ వదిలి లేవడం వేరు. రెండోది ఆ దేశంలో ఎవడూ చెయ్యడు.

"ఆ అమ్మాయి..."

"అమ్మాయంటే గుర్తొచ్చింది..."

వారం రేషన్ టీపొడి అయిపోతుండగా నాలుగు కొట్టింది. గస్తీ మధ్యలో రోజూ అక్కడే టీ తాగే కానిస్టేబుల్ హిగ్స్ లోపలికొచ్చాడు.

"రా హిగ్స్! ఈయన నాలుగువేళ్ళతోనే కప్పు ఎంత చక్కగా పట్టుకున్నాడో చూడు!"

హంతకుడి ఒక చేతిలో ఆరో కప్పు, ఇంకో చేతిలో కేకు పళ్ళెం. కోటుజేబులో పిస్తోలు. తీయాలంటే ఏదో ఒకటి కింద పడెయ్యాలి, ఆవిడ కొత్త తివాచీ పాడవుతుంది. ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ వేలి సంగతి తెలిసిన హిగ్స్‌కు బేడీలు వెయ్యడానికి ఆ క్షణం చాలింది.

నోరా పరుగున దిగివచ్చి ఆవిణ్ణి వాటేసుకుంది. "నాకు ప్రాణం పోశారు! అయితే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనే లేదా?"

"ఎలా చెప్తాను తల్లీ? అందుకేగా నీ గురక సంగతి చెప్పింది! కొత్తమనిషి దిగితే నేనేమీ చెప్పకపోతే వీధికి అనుమానం రాదూ?"

నోరా పకపకా నవ్వేసింది.

"ఇప్పుడైనా చెప్పనా?" మిసెస్ క్లెగ్ బతిమాలింది. "ఐదు వారాలుగా కడుపుబ్బి చస్తున్నాను!"

"చెప్పండి, వీధి చివరిదాకా చెప్పండి!"

ఏప్రన్ అయినా విప్పకుండా ఆవిడ వీధిలోకి పరిగెత్తింది. నోరా గుమ్మంలో కూర్చుని, ఆ గొంతు వినిపించినంతసేపూ మనసారా విన్నది.