పాలపిట్ట కనబడని దసరా

మా అత్తది ఒక్కటే పట్టు. దసరా నాడు పాలపిట్టను చూడకుంట అన్నం ముట్టది. ఒకప్పుడు గా పట్టుతోని ఎవ్వలకూ ఇబ్బంది లేకుండె. మా తిరుమలగిరి దిక్కు జొన్నచేన్ల పొంటి, కరెంటు తీగల మీద ఎక్కడ చూసినా అవే. నేను కొత్త కోడలుగ వచ్చిన యేడు జమ్మిచెట్టు కాడికి పోకముందే రెండు కనబడ్డయి.

ఇప్పుడు జొన్న లేదు, అంత పత్తే. పురుగు కనబడుడే ఆలస్యం, మందు కొడ్తిమి. మిడతలు సచ్చె. మిడతలు తినే పిట్ట ఏం తిని బతకాలె? తెలంగాణ వచ్చినంక దాన్ని రాష్ట్ర పక్షి చేసిండ్రు. గప్పటి సంది దసరా దసరాకు మా అత్తకు ఒక్కటి కనబడుడే గగనమైంది. పదవి రాంగనే ఊరి మొఖం చూడని లీడరు తీరు!

మొన్నటి దసరాకు జమ్మి పంచుకున్నంక ఊరోళ్లంత ఇంటి బాట పట్టిండ్రు. మా అత్త మాత్రం చేన్ల దిక్కు నడిచింది. ఎనుక నేను, మా ఆయన, బడికి పోయే మా బిడ్డ. అది పుట్టినంక ఒక్క పాలపిట్టను చూసింది లేదు. ఇంట్ల మటన్ కూర సల్లారుతాంది. పొద్దుగాల సంది పొయ్యి కాడ ఉడికింది కూర కాదు, నేను!

"ఫోన్ల చూపిస్తనే అమ్మా, దండం పెట్టుకో," అన్నడు మా ఆయన.

"ఫోన్ల కూర గూడ ఉంటది, తింటవా?" అన్నది మా అత్త. ఆయన ఫోను జేబుల పెట్టుకున్నడు.

తీగ మీద ఏదో కూసుంటే ఉరికినం. కాకి. ఇంకోటి చూస్తే పావురం. పొద్దు గూకుతాంది. పొద్దటి సంది ఉపాసమున్న మనిషి, కాళ్లు గుంజి గట్టు మీద కూలబడ్డది.

"పోదాం పా అత్తమ్మా."

"మీరు పోండ్రి."

నాకు కోపం తన్నుకొచ్చింది. బతిమిలాడుదునా, ఎత్తుకపోదునా?

అప్పుడే మా బిడ్డ ఒర్రింది. "గదిగో అవ్వా, పాలపిట్ట!"

మా అత్త దిగ్గున లేసింది. "ఏదే? ఏదే?"

"పోయింది. గా తుమ్మచెట్టు అవుతలికి."

"రెక్కలిప్పిందా? ఎట్లున్నయే?"

"నీలంగ... మా పుస్తకంల ఉన్నట్టే."

అత్త జరసేపు దాని మొఖమే చూసింది. తుమ్మచెట్టు దిక్కు తిరిగి రెండు చేతులెత్తి మొక్కింది. "పా బిడ్డా, ఆకలైతాంది," అన్నది.

ఇంటికొచ్చి, మనుమరాలి పళ్లెంల ముక్కలేస్తనే, "నీకన్న కనబడ్డది, గంతే సాలు," అన్నది. నేను ఇంకో రెండు ముక్కలు అత్త పళ్లెంల ఏసిన.