కుడితి గోలెంలో కాపురం

నిజాం రాజ్యం పోయిన మరుసటేడు, సూర్యాపేటలో మా ఇంటికి కొత్తకోడలు వచ్చింది. అంటే నా భార్య. వాళ్లది మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి. వచ్చి నెల దాటినా నాతో ఒక్క మాట లేదు. ఏదన్నా చెప్పాలంటే మా బర్రెకు చెప్పేది. "ఓసి బర్రె, అన్నం సల్లారుతున్నదే" అంటే నేను లేచి కాళ్లు కడుక్కోవాలి.

ఒకనాడు ఆ బర్రెకే చెప్పుకుంది: "మా ఊర్ల పొద్దుగూకితె ఏటొడ్డుకు కప్పలు అరుస్తయ్. గీడ సప్పుడే లేదు. ఎట్ల నిద్రవడ్తదే?"

ఆషాఢం దగ్గరపడింది. ఆనవాయితీ ప్రకారం వాళ్ల నాయన బండి కట్టుకొచ్చి తీసుకుపోతాడు. మళ్లీ శ్రావణంలో వస్తుందా అన్నదే నా గుబులు. నిద్రపట్టని ఇంటికి ఎవరొస్తారు?

మృగశిర వాన పడగానే మడుగులో దిగి రెండు కప్పల్ని పట్టాను. ఒక్కోటి గుమ్మడికాయంత. సరే, జామకాయంత అనుకోండి.

ఇక వాటికి ఇల్లు చూడాలి. ముందు రాగి బిందెలో వేసి మూత పెట్టాను. కిక్కురుమనలేదు. మా అమ్మ చూసింది. "పెండ్లానికి మల్లెపూలు తెస్తరు గని కప్పలు తెస్తర్రా ఎవలన్న? అది గూడ నా బిందెల!" అని చీపురెత్తింది. కిరాణా కొట్లో పిప్పరమెంట్ల గాజుసీసా బతిమాలి తెచ్చాను. ఎండకు నీళ్లు వెచ్చబడ్డాయి. ఆ కప్పలు నన్ను చూసిన చూపు మా మామ కూడా ఎన్నడూ చూడలేదు.

"ఓసి బర్రె," అని వినపడింది వెనక నుంచి. "కప్ప చేప గాదే, ఎప్పటికి నీళ్లల్లనే ఉండనీకి. కూసోనీకి జర గడ్డ గావాలె, నీడ గావాలె. మూతేస్తె అరుస్తదా? గింత గూడ తెల్వదా నీకు?"

బర్రె నా దిక్కు చూసింది.

పెరట్లో అంచు విరిగిన కుడితి గోలెం ఒకటుంది, ఒకప్పుడు బర్రెకు కుడితి పోసిన పెద్ద మట్టితొట్టి. దాన్నే ఎంచింది తను. ఒక పక్క మట్టి, రాళ్లు, తుంగ. ఇంకో పక్క నీళ్లు. కాకులు పొడవకుండా, గాలి ఆడేలా పైన వెదురు గంప బోర్లించింది. నేను మట్టి అందించాను. బురదలో చేతులు తగిలాయి. తను వెనక్కి తీసుకోలేదు. ఇది మాత్రం కోత కాదు.

మర్నాడు ముసురు పట్టింది. కప్పలు గొంతెత్తాయి. ఆ అరుపుకు మిర్యాలగూడలో ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. అమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. నా భార్య హాయిగా నిద్రపోయింది.

మామ వచ్చేనాటికి గోలెం నిండా తోకకప్పలు. బండెక్కుతూ తను బర్రె దిక్కు చూడనైనా లేదు. నాతోనే అంది: "వీటి తోకలు వోకముందే వస్త. నీళ్లు ఎండనియ్యకుండ్రి."

రోజూ పొద్దున గంప లేపి చూసేవాణ్ణి. వాటికి కాళ్లు మొలుస్తుంటే నాకు కాళ్లు ఆడేవి కావు. తిండి తగ్గిస్తే తోకలు ఆగుతాయేమోననుకుని, పాపమని మానుకున్నాను. బండి గంటలు వినపడితే వాకిట్లోకి ఉరికేవాణ్ణి. అన్నీ కోదాడ పోయే బండ్లే.

శ్రావణం మొదట్లో, జల్లు పడుతుండగా, వాడపల్లి బండి మా ఇంటి ముందర ఆగింది. తను దిగి, నన్ను దాటుకుని సక్కగా పెరట్లోకి పోయి గంప లేపింది. ఒక్కదానికి ఇంకా గోరంత తోక మిగిలింది.

"సూసిన్రా, మాట తప్పలే" అంది. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇవి బలిసినయ్. మీరు సిక్కిన్రు."

ఆ రోజు నుంచి మా బర్రెతో మాట్లాడేవాళ్లు లేరు. అలిగి పాలు తగ్గించింది.