డప్పు కాచిన మంట

ఇన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. సెలవు మీద ఇంటికి పోతే విమానంలో నాతోపాటే వస్తుంది. తిరిగి మస్కట్‌లో నాతోపాటే దిగుతుంది. కస్టమ్స్ వాళ్లు ఊరగాయ డబ్బా తెరిచి చూస్తారు గానీ దీన్ని ఎవరూ అడగరు.

నా పేరు చెప్పను. నిన్ను నమ్మి చెబుతున్నానని కూడా అనుకోకు. నువ్వెవరో తెలియదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాడివైతే ఈపాటికి నీ మొహం చూసి మాట మార్చేసేవాణ్ని. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఎవరికి అన్యాయం చేశానో ఆ మనిషంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. తప్పు చేసినవాడు ఏడుస్తూ చెబితేనే వింటానంటావా, అయితే ఇక్కడే ఆపెయ్.

నేను ఒమన్‌లో, అల్ సువైక్ దగ్గర ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పికప్ డ్రైవర్‌ని. మా క్యాంపులో జగిత్యాల వైపు వాళ్లం చాలామందిమి. మాకొక డప్పు జట్టు ఉంది. వేసవిలో దేశమంతా పెనంలా కాలుతుంటే దక్షిణాన సలాలాలో తుంపర మొదలవుతుంది. దాన్ని ఇక్కడివాళ్లు ఖరీఫ్ అంటారు. మనకది పంట పేరు, వాళ్లకది వాన పేరు. ఆ రోజుల్లో సలాలాలో ఉన్న మనవాళ్లు బోనాలు తీసి మా జట్టును పిలుస్తారు. అందుకని ఎండలు ముదురుతున్నాయంటే చాలు, ప్రతి శుక్రవారం మాకు ప్రాక్టీస్. క్యాంపులో చప్పుడు చేయనివ్వరు. సువైక్ అవతల ఒక ముసలి ఒమనీ తన ఖర్జూరం తోటలో, పంపు రూము వెనకాల జాగా ఇచ్చాడు. ఊరికే ఇచ్చాడు. అతన్ని అందరం అర్బాబ్ అని పిలిచేవాళ్లం. అంటే యజమాని.

జట్టుకు పెద్ద లింగయ్య. మా ఊరివాడే. నాకంటే బాగా పెద్ద. అయినా మనసులో నేనతన్ని ‘వాడు’ అనే అనుకుంటాను. ఇక్కడ ‘అతను’ అని రాస్తున్నానంటే చదివేవాళ్లు ఉన్నారని.

మాది ఊరి నడుమ ఇల్లు. వాళ్లది ఊరి చివర వాడ. మా ఊళ్లో ఎవరు పోయినా లింగయ్య తండ్రి, ఆ తర్వాత లింగయ్య, డప్పు పట్టుకుని శవం ముందు నడవాల్సిందే. మా తాత పోయినప్పుడు కూడా నడిచాడు. ఆ రోజు మా వాకిట్లో పొద్దంతా కొట్టాడు గానీ గడప ఎక్కలేదు, ఎక్కమని ఎవరూ అనలేదు. అదే లింగయ్యకు ఒమన్‌లో నా మంచం మీది మంచం వచ్చింది. రూములు పంచినవాడు కేరళవాడు, వాడికి మా ఊరి లెక్కలు ఏం తెలుసు? పైనుంచి అతని కాళ్లు నా మొహం ముందు వేలాడుతుంటే పొద్దున్నే కడుపు మండేది.

వచ్చిన కొత్తలో, ఊళ్లో మా ఇంటివాళ్లను పిలిచినట్టే నన్ను ‘పటేలా’ అనేవాడు. కొన్నాళ్లకు రూములో అందరి మాదిరే ‘తమ్మీ’ అన్నాడు. వయసులో పెద్దవాడు, అనొచ్చు. నేనూ నవ్వుతూ పలికాను. లోపల మాత్రం ప్రతిసారీ చెవిలో చీమ దూరినట్టుండేది.

మరి నేనెందుకు ఆ జట్టులో చేరాను? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. ఊళ్లో ముట్టని డప్పును ఇక్కడ భుజానికి ఎందుకు తగిలించుకున్నాను? ఇక్కడ దాని పరువు వేరు. స్టేజీ, తెల్ల చొక్కా, మెడలో కండువా, ఎదురుగా ఫోన్లు పట్టుకున్న జనం. ముందు వరసలో నిలబడ్డవాడి వీడియో ఊరంతా తిరుగుతుంది. ఆ ముందు వరస నాకు కావాలి. అంతే. సంస్కృతి, సంప్రదాయం అని మైకులో చెప్పేవన్నీ మైకుకే.

జట్టులో ఒక పద్ధతి ఉండేది. సముద్రపు గాలికి సాయంత్రమయ్యేసరికి డప్పు తోలు మెత్తబడుతుంది. సెగ చూపిస్తే గాని బిగుసుకోదు, బిగుసుకుంటే గాని పలకదు. అందరి డప్పులూ లింగయ్యే కాచేవాడు. ఎండిన ఖర్జూరపు మట్టలు గుప్పెడు వెలిగించి, ఒక్కో డప్పును సెగకు తిప్పి, వేలితో తట్టి విని, చేతికిచ్చేవాడు. నిప్పు పెట్టేదీ అతనే, ఆర్పేదీ అతనే. మిగతావాళ్లకది పెద్దమనిషి మీది గౌరవం. నా సంగతి వేరు. డప్పు కొట్టడానికి నా చేతులు సిద్ధం, కాచడానికి మాత్రం కులం అడ్డొచ్చేది. అది మా ఇళ్లల్లో చేసే పని కాదు. ఇంత సిగ్గుమాలిన లెక్క ఇంకొకటి ఉంటుందా?

సలాలా ప్రయాణం దగ్గర పడ్డ శుక్రవారం వరసలు ఖాయం చేశాం. లింగయ్య దరువు మధ్యలో చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. నా ఎడమ చేతి పుల్ల ఆలస్యమవుతోందనీ, ఈ ఏడు వెనక నిలబడమనీ, పై ఏడు ముందుకు రావచ్చనీ అన్నాడు. అవమానించాలని అనలేదు. మెల్లగా, భుజం మీద చెయ్యేసి అన్నాడు. నన్ను కాల్చింది ఆ చెయ్యే. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ని, అక్కడితో పోయేది.

ప్రాక్టీస్ అయ్యాక లింగయ్య మంట ఆర్పాడు. నేను పక్కనే ఉండి చూశాను. బకెట్‌తో నీళ్లు పోశాడు. మన్ను కప్పాడు. వంగి అరచెయ్యి పెట్టి చూశాడు. అప్పుడు గాని పికప్ ఎక్కలేదు.

అందర్నీ క్యాంపులో దింపి, పెట్రోలు కొట్టిస్తానని చెప్పి నేను తిరిగి తోటకు పోయాను. తోటలో పనిచేసే బంగ్లాదేశీ శుక్రవారం సాయంత్రాలు బజారుకు పోతాడు. ఎవరూ లేరు. ఆ ఎడమ చేతిని దారికి తెచ్చుకుని సలాలా పోయేలోగా వాడి నోరు మూయించాలి. నా ఆలోచన అంతే. కొట్టి చూస్తే డప్పు పలకడం లేదు, తోలు మెత్తబడింది. ఇక తప్పక నేనే నిప్పు చేశాను. ఎంత వేయాలో తెలియక ఒక మోపు మట్టలు వేశాను. మా ఊళ్లో పిడక మెల్లగా కాలుతుంది, ఖర్జూరపు మట్ట అలా కాదు, ఒక్కసారిగా లేస్తుంది. డప్పును తిప్పకుండా మంటకు ఎదురుగా పట్టుకున్నాను. తోలు ఫట్‌మని పగిలింది.

నిప్పును కాలితో తన్నాను.

కోపంలో తన్నాను. నిప్పులు చెల్లాచెదరయ్యాయి. పక్కనే ఎండు మట్టల కుప్ప ఉంది. అటు పడ్డాయా? చూశానా? ఇన్నేళ్లుగా ఇక్కడే ఆగిపోతున్నాను. చూడలేదని కొన్ని రోజులు అనుకుంటాను. చూసి కూడా ఆరిపోతుందిలే అనుకున్నానని కొన్ని రోజులు. వీటికంటే చెడ్డ జవాబు ఒకటుంది, అది నాకే పూర్తిగా వినబడదు. బకెట్ అక్కడే ఉంది, పంపు అక్కడే ఉంది. పగిలిన డప్పును పికప్‌లో వేసుకుని వచ్చేశాను. దారిలో చెత్త డబ్బాలో పడేశాను. క్యాంపు చేరేసరికి తోట వైపు ఆకాశం ఎర్రగా ఉంది. నేను స్నానానికి లైనులో నిలబడ్డాను.

పంపు రూము కాలింది. కోతకు వస్తున్న ఒక వరస ఖర్జూరం చెట్లు మాడిపోయాయి. దొడ్లో కట్టేసిన మేకలు చచ్చిపోయాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఈ ముక్క ఎందుకు రాశాను? నా తప్పును కొంచెం తగ్గించుకుందామనే కదా.

మర్నాడు అర్బాబ్ క్యాంపు ఆఫీసుకు వచ్చాడు. నిప్పు ఎవరు పెడతారని మేనేజర్ అడిగాడు. ఎవరూ చాడీ చెప్పలేదు. అందరి కళ్లూ లింగయ్య వైపు తిరిగాయి, అంతే. ప్రతిసారీ నిప్పు పెట్టేది అతనే కదా. జట్టులో అరబ్బీ వచ్చింది నాకొక్కడికే. లింగయ్యకు పట్టుమని పది ముక్కలు రావు. మధ్యలో నన్ను నిలబెట్టారు.

ముసలాయన అరవలేదు. నిప్పు పూర్తిగా ఆర్పి వెళ్లాడేమో అడగమన్నాడు. ఆర్పి వెళ్లినట్టయితే ఇది ఇంకెవరో చేసిన పని, వెతికిస్తానన్నాడు. నేను తెలుగులో అడిగాను.

“ఆర్పిన పటేలా” అన్నాడు లింగయ్య. “నీళ్లు వోసిన, మన్ను గప్పిన, శెయ్యి వెట్టి సూసిన. నువ్వు గూడ ఆడనే ఉంటివి గదా. గదే శెప్పు ఆయనకు.”

పటేలా అన్నాడు. అవసరం పడేసరికి తమ్మి పోయి పటేల్ వచ్చాడు. అది విని నాకు లోపల సంతోషమైంది. దాచను. చెప్పడానికే కూర్చున్నాను కదా.

అర్బాబ్ వైపు తిరిగి అరబ్బీలో చెప్పాను. తొందరలో ఉన్నాడట, నీళ్లు పోశాడో లేదో సరిగా గుర్తు లేదంటున్నాడు, క్షమించమంటున్నాడు అని. నువ్వు చూశావా అని ముసలాయన నన్నడిగాడు. నేను బండి దగ్గర ఉన్నాను, చూడలేదన్నాను.

ముసలాయన మేనేజర్ వైపు తిరిగాడు. ఒప్పుకున్నాడు కాబట్టి పోలీసు కేసు వద్దు, మీ కంపెనీ ఏం చేసుకుంటుందో చేసుకోండి అని లేచాడు.

“ఏమన్నడు?” అన్నాడు లింగయ్య.

“నమ్ముతలేడు.”

“నువ్వైతే మంచిగ శెప్పినవ్ గదా?”

“శెప్పిన.”

“నీ పుణ్యం పటేలా. గింత మాట సాయం ఎవ్వలు జేస్తరు” అని నా చెయ్యి పట్టుకున్నాడు.

కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి, మళ్లీ రాకుండా రాసి పంపించేసింది. అతని డప్పు రూములోనే ఉండిపోయింది. నాది పగిలిపోయింది కదా. దాన్నే తీసుకుని సలాలా పోయాను. ముందు వరసలో నిలబడ్డాను. తుంపరకు డప్పులన్నీ నాని మూగబోయాయనీ, దేవుడు నాకు అక్కడే బుద్ధి చెప్పాడనీ నువ్వు ఎదురుచూస్తుంటావు. అలాంటిదేమీ జరగలేదు. బాగా కొట్టాం. జనం ఈలలు వేశారు. వీడియో ఊరంతా తిరిగింది, మా అమ్మ మురిసిపోయింది.

తర్వాతి సెలవులో ఊరికి పోతే, మా వీధిలో ఒక ముసలామె పోయింది. శవం ముందు లింగయ్య. ఎవరిదో అరువు డప్పు. ఒమన్‌లో బూట్లు వేసుకుని, తలెత్తి, జట్టు ముందు నిలబడి కొట్టిన మనిషి. పొట్ట కోసం గల్ఫ్‌కు అందరం వచ్చాం. అతను మాత్రం ఆ శవాల ముందు నడక తప్పించుకోవడానికి కూడా వచ్చాడని రూములో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నన్ను చూసి పక్కకు జరిగి దారిచ్చాడు. మంచిగున్నవా పటేలా అన్నాడు. నేను తలాడించి ఇంట్లోకి పోయాను. ఆ పూట నాకు అతని మీదే కోపం వచ్చింది. ఎందుకు? నన్ను కాలర్ పట్టుకుని అడగనందుకా? వాడికి ఏమీ తెలియనందుకా?

ఇప్పుడు జట్టుకు నేనే పెద్ద. డప్పులు కూడా నేనే కాస్తున్నాను. ఈ ఏడు కూడా సలాలా పిలుపు వచ్చింది, కొత్త చొక్కాలు కుట్టిస్తున్నాం, ప్రాక్టీస్ నడుస్తోంది. ఇంకో ఏడు కూడా ఇలాగే గడిపేసేవాణ్నేమో. పోయిన శుక్రవారం లింగయ్య ఫోన్ చేశాడు.

వీసా కోసం బతిమాలుతాడనుకున్నాను. బతిమాలితే కసిరి పెట్టేద్దామని మాట కూడా సిద్ధం చేసుకున్నాను. అతను వీసా ఊసే ఎత్తలేదు. అర్బాబ్ బతికున్నాడా అని అడిగాడు. ఉన్నాడన్నాను.

“పటేలా, ఆ పొద్దు మన్ను తక్కువ గప్పిననేమో. అప్పుడైతే మంచిగనే ఆర్పిననుకున్న. యాది జేసుకుంట ఉంటే తక్కువే గప్పిననిపిస్తున్నది. పాపం, నోరు లేని మేకలు. కండ్లు మూస్తె అవే. ముసలాయన ఉండంగనే నా దిక్కు నుంచి మాఫీ అడుగు. నీ మాట ఇంటడు.”

సరే, అడుగుతానన్నాను.

ఇదిగో, ఇందుకే రాస్తున్నాను. అతని కొలువు పోగొట్టాను. అతని డప్పు, అతని జాగా నా దగ్గరే ఉన్నాయి, అవి నాకు తెలిసి తీసుకున్నవి. చేయని తప్పును కూడా అతని తలకెక్కించానని, తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేశానని శుక్రవారం దాకా నాకు తెలియదు. అక్కడ అతను నిద్రపోవడం లేదు. ఇక్కడ నేను బాగానే నిద్రపోయేవాణ్ని, ఒట్టు. బరువు మోస్తున్నానని మొదట రాశాను గానీ, మోస్తూనే నిద్రపోవడం అలవాటైంది.

అతనికి ఫోన్ చేసి చెబుతానా? అర్బాబ్ దగ్గరకు పోయి చెబుతానా? తెలియదు. రెండుసార్లు నంబరు తీశాను, పెట్టేశాను. చెబుతానని నీకు మాటివ్వను. నా మాట విలువ నువ్వు ఇప్పటిదాకా చదివావు. క్షమించమని అడగడం లేదు, క్షమించడానికి నువ్వెవరు? కనీసం ఒక్కచోటైనా నిజం నా చేత్తో రాసి ఉంది. కాస్త ఊపిరాడుతోంది. ఆడుతున్నందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.

ఆ రోజు లింగయ్య మంట ఆర్పే వెళ్లాడు. నేను చూశాను. మన్ను సరిపోయింది.