ఫోటోలో దొరికిన తాళంచెవి

తాళాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ అనుమానాల మామయ్య అనేవారు. మారు తాళంచెవి కావాలని ఎవరొచ్చినా ఇల్లెక్కడ, అసలుది ఎలా పోయింది అని కూపీ లాగి గానీ ఆకురాయి పట్టేవాడు కాదు.

అలాంటాయనకి ఒకరోజు సొంత మేనకోడలి మీదే అనుమానం వచ్చింది. కాలేజీకి వెళ్ళాల్సిన పిల్ల కొట్లో తిష్ట వేసి, ఎన్నింటికి కట్టేస్తావు, ఏ రకం తాళాలు తీస్తావు అంటూ ఒకటే ఆరాలు. పైగా మూలమూలా ఫోటోలు.

"ఎవరు పంపారే నిన్ను?" అన్నాడు ఉండబట్టలేక.

"మా మేడమ్! ఉత్తుత్తిది కాదు, నిజంగా ఎవరికైనా పనికొచ్చే వెబ్‌సైటు చెయ్యమన్నారు. పెద్ద చదువేం అక్కర్లేదు మామయ్యా, ఇంటర్నెట్‌లో అన్నీ తయారుగా ఉంటాయి, లాగి పేర్చుకోవడమే. డబ్బు కూడా అడగరు."

"ఊరికే ఇచ్చేవాడికి మనతో ఏం పని?"

అయినా మూడోరోజుకి తయారుచేసి చూపించింది. కొట్టు బోర్డు, ఫోన్ నంబరు, కింద మేకుకి వేలాడుతున్న తాళంచెవుల ఫోటో. అందులో ఒకటి పిల్ల వాళ్ళమ్మ ఆయన్ని దాచమని ఇచ్చిన వాళ్ళింటి తాళంచెవి. అది ఆయన కంట పడింది. వెంటనే గాట్లు లేని చెవి ఒకటి తీసి, ఫోటో పెద్దది చేయించి, దాన్నే చూస్తూ అరగంట ఆకురాయితో గాట్లు పెట్టాడు. తర్వాత పిల్లని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి, ఆ చెవి తాళంలో పెట్టి తిప్పాడు. తలుపు తెరుచుకుంది.

పిల్ల మొహం పాలిపోయింది. "నాకొద్దు మామయ్యా. మొత్తం తీసేస్తాను."

"ఫోటో ఒక్కటే తీసెయ్యి. పని మానతావా ఏం? అక్కడ ఇలా రాయి: ఇల్లు తమదేనని చూపించినవాళ్ళకే తలుపు తీస్తాం."

వారం తిరక్కుండా వెబ్‌సైటు చూసి ఒకావిడ ఫోన్ చేసింది. రెండేళ్ళ కొడుకు లోపల గడియ పెట్టేసుకున్నాడట. ఆయన నమ్మలేదు. పక్కింటివాళ్ళకి ఫోన్ ఇమ్మన్నాడు. ఆ మాటల మధ్య బిడ్డ ఏడుపు వినిపించేసరికి సంచీ అందుకుని పరుగు తీశాడు.

బిడ్డని ఎత్తుకున్నాక ఆవిడ అంది: "తలుపులు తీసేవాళ్ళ నంబర్లు ఇంకా దొరికాయండీ. ఇల్లు మీదేనా అని అడుగుతామని రాసింది మీరొక్కరే. అందుకే మిమ్మల్ని పిలిచాను."

సంగతి తెలిసి మేడమ్ ఆయన్ని తరగతికి రమ్మంది. నన్నెందుకు పిలిచారా అని గొణుక్కుంటూనే వెళ్ళాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకుని, "మీ వీధిలో గొడుగులు బాగుచేసేవాళ్ళున్నారు, బట్టలు కుట్టేవాళ్ళున్నారు. వాళ్ళకి కూడా వెబ్‌సైట్లు చేసిపెట్టండి. వాళ్ళు అనుమానపడితే మాత్రం కోప్పడకండి. అడిగినదానికి జవాబు చెప్పండి" అన్నాడు.

ఆ సంవత్సరం ఆ చుట్టుపక్కల ఏడు కొట్లకి పిల్లలు వెబ్‌సైట్లు కట్టారు. కొట్ల వాళ్ళు మాత్రం పిల్లల మాట మీద సరే అనలేదు. అనుమానాల మామయ్యకి చూపించి, ఆయన ఊఁ అన్నాకే ఒప్పుకున్నారు.